పేటెంట్ లేని ‘పేటెంట్ మందులు’: అమృతాంజనం, జిందా తిలిస్మాత్, హమ్‌దర్ద్ కుటుంబాల కథ చెప్పేదేమిటి?

తెలుగువాళ్ల ఇళ్లలో తలుపు వెనక చిన్న అలమరా ఒకటి ఉంటుంది. అందులో పసుపు రంగు అమృతాంజనం డబ్బా, హైదరాబాద్ వైపు ఇళ్లలో అయితే జిందా తిలిస్మాత్ సీసా, పక్కన ఏదో ఒక లేహ్యం తప్పకుండా కనిపిస్తాయి. వీటిని డాక్టరు రాయలేదు. అమ్మమ్మ వాడింది, అమ్మ వాడింది, మనమూ వాడుతున్నాం.

సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘ఆయుర్వేదిక్ ప్రొప్రైటరీ మెడిసిన్’ అనో, ‘యునానీ పేటెంట్ మెడిసిన్’ అనో రాసి ఉంటుంది. పేటెంట్ అన్నారు కాబట్టి ప్రభుత్వం పరీక్షించి హక్కు ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మాటకు ఆ అర్థం లేదు.

మరి ఈ మందులకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? దానికి జవాబు మందులో కన్నా దాన్ని అమ్మిన కుటుంబాల చరిత్రలో, వాళ్లు వేయించిన ప్రకటనల్లో ఎక్కువగా దొరుకుతుంది. తప్పుదోవ పట్టించే మందుల ప్రకటనల మీద సుప్రీంకోర్టులో ఇటీవలి దాకా సాగిన వివాదాన్ని అర్థం చేసుకోవాలన్నా ఆ చరిత్ర తెలియాలి.

పేరులోనే ఉంది తిరకాసు

పేటెంట్ అంటే ఒక ఒప్పందం. కొత్త విషయం కనిపెట్టిన వ్యక్తి దాని వివరాలన్నీ బయటపెడతాడు. బదులుగా ప్రభుత్వం కొంతకాలం, ఇప్పుడైతే 20 ఏళ్లు, దాన్ని తయారుచేసి అమ్మే హక్కు అతనికే ఇస్తుంది. గడువు తీరాక ఆ జ్ఞానం అందరిదీ అవుతుంది.

పేటెంట్ మందు సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇక్కడ యజమాని తయారీ పద్ధతిని రహస్యంగా ఉంచుతాడు. చట్టం కాపాడేది పేరును, బొమ్మను, డబ్బా రూపాన్ని. అంటే ట్రేడ్‌మార్కును. పేటెంట్‌కు గడువు ఉంటుంది. ట్రేడ్‌మార్కును మాత్రం ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకుంటూ తరతరాలకు అందించవచ్చు. ఈ వ్యాపారం కుటుంబ ఆస్తిగా నిలబడటానికి మొదటి కారణం ఇదే.

ఆ పేరు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో అక్కడి రాజులు కొందరు మందుల వ్యాపారులకు ‘లెటర్స్ పేటెంట్’ అనే అధికార పత్రాలు ఇచ్చేవారు. 1687లో ఆండర్సన్ మాత్రలకు అలాంటి పత్రం దక్కింది. రాజముద్ర ఉందంటే జనం నమ్మేవారు. తర్వాత వచ్చిన వ్యాపారులు చాలామంది ఏ పత్రమూ తీసుకోకుండానే తమ సరుకును పేటెంట్ మందు అన్నారు. పత్రం కావాలంటే తయారీ పద్ధతి చెప్పాలి కదా!

భారతదేశంలో ఈ మాటకు చట్టపరమైన అర్థం వేరు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోని 3(హెచ్) ప్రకారం, చట్టం గుర్తించిన ఆయుర్వేద, సిద్ధ, యునానీ గ్రంథాల్లోని యోగాలలో కనిపించే దినుసులనే వాడుతూ, ఆ గ్రంథాల్లో లేని సొంత కలయికతో చేసిన మందు ‘పేటెంట్ లేదా ప్రొప్రైటరీ’ మందు. చ్యవనప్రాశ గ్రంథంలో ఉన్న పద్ధతిలోనే చేస్తే అది శాస్త్రీయ ఔషధం. అవే దినుసులతో కంపెనీ తన సొంత పాళ్లలో మరొకటి చేసి కొత్త పేరు పెడితే అది ప్రొప్రైటరీ మందు. పేటెంట్ కార్యాలయానికి దీనితో సంబంధం లేదు. పైగా పేటెంట్ల చట్టంలోని 3(పి) సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ ఇవ్వకూడదని చెబుతోంది.

లండన్‌లో అర ఫార్దింగు, అమెరికాలో సమాధి రాయి

పేటెంట్ మందుల స్వర్ణయుగం 19వ శతాబ్దం. ఇంగ్లండ్‌లో థామస్ బీచమ్ అనే వ్యాపారి ‘పెట్టె ఒక్కింటికి గిన్నీ విలువ’ అంటూ మాత్రలు అమ్మాడు. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ‘సీక్రెట్ రెమెడీస్’ అనే పుస్తకం వేసి అలాంటి మందులను రసాయన పరీక్షకు పెట్టింది. బీచమ్ మాత్రల్లో తేలినవి ముసాంబరం, అల్లం, సబ్బు. ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీలకు అమ్మే పెట్టెలోని సరుకు ఖరీదు అర ఫార్దింగు అని లెక్క తేల్చారు. అంటే అమ్మకపు ధర సరుకు ఖరీదుకు వంద రెట్లకు పైనే.

అమెరికాలో లిడియా పింకమ్ అనే మహిళ పేరిట స్త్రీల టానిక్కు ఒకటి 1875 నుంచి అమ్ముడైంది. సీసా మీద ఆమె ముఖచిత్రం ఉండేది. ‘మీ బాధలు శ్రీమతి పింకమ్‌కు రాయండి’ అని ప్రకటనలు వచ్చేవి. ఆమె 1883లో చనిపోయినా ఆ ప్రకటనలు ఆగలేదు. చివరికి 1905లో ఒక మహిళా పత్రిక ఆమె సమాధి రాయి ఫొటో అచ్చువేసి, ఉత్తరాలు ఎవరికి చేరుతున్నాయని ప్రశ్నించింది. మరుసటి ఏడాదే, 1906లో, అమెరికా ఆహార, ఔషధ చట్టం తెచ్చింది. ఆల్కహాల్, నల్లమందు, మార్ఫిన్ వంటివి మందులో ఉంటే లేబుల్ మీద చెప్పి తీరాలని అది నిర్దేశించింది.

ఈ రెండు ఉదంతాల్లోనూ వ్యాపారాన్ని నిలబెట్టింది ప్రకటన. దాన్ని ఇరుకున పెట్టినదీ అచ్చు కాగితమే. మన దేశంలో ఆ బంధం ఇంకా గట్టిది.

పోస్టు, రైలు, అచ్చుయంత్రం

19వ శతాబ్దం చివరి నాటికి భారతదేశంలో ఆసుపత్రులు పట్టణాలకే పరిమితం. పల్లెకు వైద్యుడు దొరకడమే కష్టం. అదే సమయంలో రైలు వచ్చింది, అచ్చు చవకైంది. 1877లో తపాలా శాఖ వీపీపీ మొదలుపెట్టింది. పత్రికలో ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే మందు ఇంటికొస్తుంది, డబ్బు పోస్ట్‌మన్ చేతిలో పెట్టవచ్చు. వైద్యుడి ముఖం చూడకుండా వైద్యం పొందే దారి తెరుచుకుంది.

ఆ దారిలో నడిచినవాళ్లు చాలామంది. 1884లో కలకత్తాలో డాక్టర్ ఎస్.కె. బర్మన్ మొదలుపెట్టిన మందుల వ్యాపారమే డాబర్. ‘డాక్టర్’, ‘బర్మన్’ అనే రెండు మాటలు కలిస్తే పుట్టిన పేరు అది. 1901లో లాహోర్‌లో పండిత ఠాకూర్ దత్త శర్మ ‘అమృతధార’ తెచ్చారు. 1910లో బొంబాయిలో జుగత్‌రామ్ వైద్య, జామ్‌నగర్ సంస్థానంలో పేరున్న వైద్యుడైన తన తాత జండూ భట్ట్ పేరు మీద జండూ కంపెనీ పెట్టారు.

విదేశీ మందుల డబ్బాల మీద ఉన్న మెరుపు వీళ్లకు తెలుసు. అదే మెరుపుతో స్వదేశీ సరుకు ఇవ్వడం వాళ్ల ఎత్తుగడ. వంగ విభజన తర్వాత స్వదేశీ ఉద్యమం ఊపందుకున్నాక మందు కొనడం దేశభక్తిలో భాగమైంది. ప్రకటనల్లో రోగం పేరుతో పాటు దేశం పేరు కూడా చేరింది.

తలనొప్పి మందు నడిపిన పత్రిక

ఈ కథలో తెలుగువారి పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. మద్రాసులో చదివి, కలకత్తాలో మందుల వ్యాపారంలో పని నేర్చుకుని బొంబాయి చేరారు. 1893లో అక్కడ అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. తొలి రోజుల్లో సంగీత సభల్లో జనానికి డబ్బాలు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఒకసారి నుదుటికి రాసుకున్న మనిషి మళ్లీ వచ్చి కొంటాడన్నది లెక్క.

ఆ లెక్క ఫలించింది. వచ్చిన డబ్బుతో పంతులు చేసిన పనే ఆయనను మిగతా వ్యాపారుల నుంచి వేరు చేసింది. 1907 నాటి సూరత్ కాంగ్రెస్ తర్వాత తెలుగులో రాజకీయ పత్రిక కావాలని తలచి, 1908లో బొంబాయి నుంచే ‘ఆంధ్రపత్రిక’ వారపత్రిక తెచ్చారు. 1914లో దాన్ని మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. 1924లో ‘భారతి’ మాసపత్రిక వచ్చింది. ఆంధ్ర గ్రంథమాల పేరుతో తెలుగు పుస్తకాలు అచ్చువేశారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందానికి ఆ పేరు ఆయన మద్రాసు ఇంటి పేరు నుంచే వచ్చింది.

పత్రిక మీద లాభం రానప్పుడు దాన్ని మోసింది అమృతాంజనం. అంటే ఆ కాలపు తెలుగు పాఠకుడు కొన్న ప్రతి డబ్బాలోనూ తెలుగు సాహిత్యానికి కొంత చందా ఉంది. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది. 1938లో పంతులు కన్నుమూశాక వ్యాపారం, పత్రిక రెండూ అల్లుడు శివలెంక శంభుప్రసాద్ చేతికి వచ్చాయి. పత్రిక 1991లో ఆగిపోయింది. కంపెనీ మాత్రం చెన్నైలో అదే కుటుంబం చేతుల్లో నడుస్తోంది.

మందుల వ్యాపారి పత్రిక పెట్టడం ఒక్క తెలుగునాటి వింత కాదు. రంగూన్‌లో మందుల కొట్టు నడిపిన ఆ చు కిన్ అనే చైనా వైద్యుడి కొడుకులు ‘టైగర్ బామ్’ను ప్రపంచానికి పరిచయం చేశారు. వాళ్లు సింగపూర్ చేరాక 1929లో అక్కడ చైనా భాషలో దినపత్రిక పెట్టారు. అమ్మకం ప్రకటన మీదే ఆధారపడే వ్యాపారికి ప్రకటనల పేజీ సొంతంగా ఉండటం లాభం. పంతులు విషయంలో ఆ లెక్కను మించిన ఆశయం ఉంది. అయినా మందుకూ పత్రికకూ మధ్య ఉన్న ఆర్థిక బంధం రెండు చోట్లా ఒకటే.

స్త్రీల మందు, స్త్రీల పత్రిక

మద్రాసులోనే మరో ఉదాహరణ డాక్టర్ కె.ఎన్. కేసరి. ఒంగోలు ప్రాంతంలోని ఇనమనమెళ్లూరులో పేద కుటుంబంలో పుట్టి, పిల్లవాడిగా మద్రాసు వచ్చి, ఆయుర్వేదం నేర్చుకుని ‘కేసరి కుటీరం’ స్థాపించారు. స్త్రీల ఆరోగ్యం కోసమంటూ ఆయన చేసిన ‘లోధ్ర’ బాగా పేరు తెచ్చుకుంది. లోధ్ర అంటే మన లొద్దుగ చెట్టు. దాని బెరడును ఆయుర్వేదంలో స్త్రీల వ్యాధులకు వాడతారు.

1928లో ఆయన ‘గృహలక్ష్మి’ మాసపత్రిక మొదలుపెట్టారు. రచయిత్రులకు అది పెద్ద వేదిక అయింది. 1934 నుంచి ‘గృహలక్ష్మి స్వర్ణకంకణం’ పేరుతో తెలుగు రచయిత్రులను సత్కరించారు. మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ అందుకున్నారు. మందు కొనే పాఠకురాలు, పత్రిక చదివే పాఠకురాలు ఇక్కడ ఒక్కరే. తన ఒంటి బాధను డాక్టరు ముందు చెప్పుకోలేని కాలంలో, ఆమెతో నేరుగా మాట్లాడింది ప్రకటన. ఆ మాటల్లో ఓదార్పు ఎంత, వ్యాపారం ఎంత అని విడదీయడం కష్టం.

పేరులోనే మాయ ఉన్న మందు

హైదరాబాద్‌లో 1920లో హకీమ్ మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన యునానీ మందు జిందా తిలిస్మాత్. ఆ పేరుకు ‘సజీవమైన మాయ’ అని అర్థం చెప్పుకోవచ్చు. డబ్బా మీద ఉన్నది నిజాం సైన్యంలోని ఆఫ్రికా సంతతి సిద్దీ యోధుడు. బలానికి, ధైర్యానికి గుర్తుగా ఆ బొమ్మను ఎంచుకున్నారు. అంబర్‌పేటలోని కార్ఖానా ఇప్పటికీ ఆ కుటుంబానిదే. జలుబు, దగ్గు, ఒళ్లునొప్పులు, కడుపు ఉబ్బరం అన్నింటికీ ఒకే సీసా. పాత గోడ రాతలు, నుమాయిష్‌లో కొట్టు, నోటి మాట దాని ప్రచారం.

సంస్థానం పోయింది, భాషా రాష్ట్రం వచ్చింది, అదీ విడిపోయింది. సీసా మీది బొమ్మ మాత్రం మారలేదు. మారకపోవడమే ఇక్కడ పెట్టుబడి. జండూ వ్యాపారాన్ని 2008లో ఇమామీ కొన్నప్పుడు ఆ కంపెనీకి దక్కిన వాటిలో అన్నిటికన్నా విలువైనది కూడా జనం నోట్లో నానిన ఆ పేరే.

ఇంతకీ ఇవి పనిచేస్తాయా?

ఇక్కడ మందు ఏమిటి, దాని గురించి చెప్పేది ఏమిటి అని రెంటినీ విడివిడిగా చూడాలి.

తలనొప్పి బామ్‌లలో మామూలుగా ఉండేవి పుదీనా పువ్వు అనే మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం, గంధపూర తైలం. మెంథాల్ చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నాడులను తట్టి లేపుతుంది. చర్మం నిజంగా చల్లబడదు, చల్లబడినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఆ కబురు ముందు నొప్పి కబురు కాసేపు వెనక్కి తగ్గుతుంది. గంధపూర తైలంలోని మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. కాబట్టి ఉపశమనం భ్రమ కాదు. అయితే అది ఉపశమనమే తప్ప రోగానికి చికిత్స కాదు.

ఇంట్లో ఉండే మందు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. కర్పూరం పొట్టలోకి వెళితే పసిపిల్లలకు మూర్ఛ రావచ్చు. అచ్చమైన గంధపూర తైలం ఒక్క టీచెంచాలో సుమారు 20 ఆస్పిరిన్ మాత్రలకు సమానమైన సాలిసిలేట్ ఉంటుంది. బామ్‌లో అంత గాఢత ఉండదు. అయినా రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఇలాంటి బామ్‌ను ఒంటినిండా, రోజుల తరబడి రాసుకునే ముందు డాక్టరును అడగాలి. రెండేళ్లలోపు పిల్లల ముక్కు దగ్గర కర్పూరం ఉన్న బామ్ పూయకూడదు.

పైన రాసుకునే మందు ఒక ఎత్తు, మింగే మందు ఇంకో ఎత్తు. 2004లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో దక్షిణాసియా దుకాణాల నుంచి 70 ఆయుర్వేద ఉత్పత్తులు కొని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే మాటకు ఆధారం లేదు.

సరిహద్దు గీశాక ఒక షర్బత్ మూడు దేశాలదైంది

దేశ విభజన ఈ కుటుంబాలను కూడా విడదీసింది. 1906లో పాత ఢిల్లీలో హకీమ్ హఫీజ్ అబ్దుల్ మజీద్ హమ్‌దర్ద్ దవాఖానా తెరిచారు. రూహ్ అఫ్జా షర్బత్ అక్కడిదే. 1922లో ఆయన చనిపోతే భార్య రాబియా బేగం వ్యాపారాన్ని నిలబెట్టారు. 1947 తర్వాత పెద్ద కొడుకు హకీమ్ అబ్దుల్ హమీద్ ఢిల్లీలోనే ఉండిపోయారు. చిన్న కొడుకు హకీమ్ మొహమ్మద్ సయీద్ 1948లో కరాచీ వెళ్లి అక్కడ మరో హమ్‌దర్ద్ మొదలుపెట్టారు. ఢాకాలోని శాఖ తర్వాత బంగ్లాదేశ్ హమ్‌దర్ద్ అయింది.

అన్నదమ్ములిద్దరూ తమ సంస్థలను వక్ఫ్ చేశారు. అంటే లాభం కుటుంబానికి కాక విద్యకు, వైద్యానికి వెళ్లే ఏర్పాటు. ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయం దాని ఫలితమే. సయీద్ సింధ్ గవర్నర్‌గా కూడా పనిచేశారు. 1998లో కరాచీలో ఆయన హత్యకు గురయ్యారు. పేరు మాత్రం ఇప్పటికీ సరిహద్దు గొడవల్లో చిక్కుతూనే ఉంది. పాకిస్థాన్‌లో తయారైన రూహ్ అఫ్జాను భారతదేశంలో ఆన్‌లైన్‌లో అమ్మకుండా 2022లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. వంటకం ఒకటే, ట్రేడ్‌మార్కు మాత్రం దేశానికొకటి.

ఢాకాలో 1914లో సాధన ఔషధాలయం స్థాపించిన జోగేశ్ చంద్ర ఘోష్ కథ ఇంకా విషాదం. విభజన జరిగినా ఆయన ఊరు వదల్లేదు. 1971 ఏప్రిల్ 4న పాకిస్థాన్ సైనికులు ఆయనను చంపేశారు.

చట్టం పట్టుకున్నది మందును కాదు, ప్రకటనను

బ్రిటిష్ పాలనలో కల్తీ, నకిలీ మందులు పెరిగిపోవడంతో 1930లో కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. ఆ నివేదిక ఫలితంగా 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. కానీ ఆయుర్వేద, యునానీ మందుల తయారీకి నియమాలు 1964 సవరణతోనే వచ్చాయి.

ఈ మధ్యలోనే 1954లో మరో చట్టం వచ్చింది. దాని పేరు ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ (అభ్యంతరకర ప్రకటనల) చట్టం’. అది మందు తయారీ జోలికి పోదు. ప్రకటనను నిషేధిస్తుంది. గర్భస్రావం, లైంగిక సామర్థ్యం, నెలసరి సమస్యలు, ఇంకా జాబితాలో ఉన్న రోగాలు నయం చేస్తామని ఎవరూ ప్రకటించకూడదు. తాయెత్తులు, మంత్రాలు కూడా ఇందులోకే వస్తాయి. జాబితాలో 54 రోగాలు, పరిస్థితులు ఉన్నాయి. క్యాన్సర్, మధుమేహం, రక్తపోటు, బొల్లి, స్థూలకాయం, చివరికి ఎత్తు పెరగడం కూడా. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ.

ఈ చట్టం చెల్లదని సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో హమ్‌దర్ద్ దవాఖానా ఒకటి. ప్రకటన కూడా భావప్రకటనే కదా అన్నది వాదన. 1959 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. జనం తమంతట తామే మందులు వేసుకుని ప్రాణాల మీదికి తెచ్చుకోకుండా ఆపడమే చట్టం ఉద్దేశమని, అలాంటి మందును అమ్ముకోవడానికి ఇచ్చే ప్రకటనకు భావ స్వేచ్ఛ రక్షణ లేదని చెప్పింది. అయితే ఏ రోగాన్నయినా జాబితాలో చేర్చే అపరిమిత అధికారాన్ని, సరుకు జప్తు చేసే నిబంధనను కొట్టేసింది. 1963లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ లోటు సరిదిద్దింది. వాణిజ్య ప్రకటనకూ భావ స్వేచ్ఛ రక్షణ ఉంటుందని 1995లో టాటా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోసపూరిత ప్రకటనకు మాత్రం అప్పుడూ ఆ రక్షణ దక్కలేదు.

ఒక నియమం వచ్చింది, పోయింది

టీవీ, ఆ తర్వాత ఫోన్ వచ్చాక 1954 చట్టం బలం చాల్లేదు. తప్పుడు ప్రకటన వచ్చాక కేసు పెట్టేలోపు సరుకు అమ్ముడైపోతుంది. అందుకే 2018 డిసెంబరులో కేంద్రం 170వ నియమం చేర్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటన వేయాలంటే ముందుగా రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి తీసుకోవాలన్నది దాని సారాంశం.

2022లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ తప్పుదోవ పట్టించే ప్రకటనలపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. పతంజలి సంస్థ ఇచ్చిన హామీని తప్పిందంటూ 2024 ఫిబ్రవరిలో కోర్టు ధిక్కార నోటీసు ఇచ్చింది. ఏప్రిల్‌లో సంస్థ పత్రికల్లో క్షమాపణ ప్రచురించింది. ఆగస్టులో ధిక్కార చర్య ముగిసింది.

అసలు మలుపు మరొకటి. 170వ నియమం కింద చర్యలు తీసుకోవద్దని 2023 ఆగస్టులోనే ఆయుష్ శాఖ రాష్ట్రాలకు రాసింది. 2024 జులై 1న ఆ నియమాన్నే తొలగించింది. ఆ తొలగింపు మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 27న స్టే ఇచ్చింది. 2025 ఆగస్టులో కేసు ముగిసింది, దాంతో స్టే కూడా పోయింది. ప్రకటనకు ముందే అనుమతి అనే అడ్డు ఇప్పుడు లేదు. మిగిలింది 1954 నాటి చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం, ఫిర్యాదు చేసే పౌరుడు.

లేబుల్ చదవడం ఎలా?

ఈ పరిస్థితిలో కొనేవాడి చేతిలో ఉన్న ఆయుధం లేబుల్. అందులో చూడాల్సినవి నాలుగు.

మొదటిది లైసెన్సు నంబరు. మందు అయితే రాష్ట్ర ఔషధ తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉంటే అది చట్టం దృష్టిలో ఆహార పదార్థం. దాన్ని ‘షుగర్ తగ్గించే మందు’ అని అమ్మితే ఆ మాటే అబద్ధం.

రెండోది దినుసుల జాబితా. ఆయుర్వేద, యునానీ మందుల్లో ఏమేమి ఎంతెంత ఉన్నాయో రాయాలని నియమం ఉంది. ‘రహస్య మూలికలు’ అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి.

మూడోది ‘ప్రొప్రైటరీ’ అన్న మాట. అది ఉంటే ఆ కలయిక గ్రంథంలోది కాదు, కంపెనీ సొంతం. ‘వేల ఏళ్ల అనుభవం’ అనేది దినుసులకు వర్తించవచ్చు, ఆ సీసాకు కాదు.

నాలుగోది రోగం పేరు. మధుమేహం, క్యాన్సర్, రక్తపోటు నయం చేస్తామని ప్రకటన చెబితే మందు మంచిదా కాదా అని ఆలోచించాల్సిన పనే లేదు. ఆ ప్రకటనే చట్టవిరుద్ధం.

వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం మందు చేసే హానిలో కాక, అది చేయించే ఆలస్యంలో ఉంది. ప్రకటన నమ్మి ఇన్సులిన్ మానేసిన మనిషికి, గడ్డ మీద లేపనం రాసుకుంటూ ఆరు నెలలు గడిపిన మనిషికి సీసాలోని సరుకు ఎంత స్వచ్ఛమైనదైనా ఒకటే.

నాగేశ్వరరావు పంతులు దానగుణం మీద ఎవరికీ అనుమానం లేదు. హమ్‌దర్ద్ సోదరులు విద్యకు చేసిన సేవ కళ్లముందే ఉంది. అయితే ఆ మంచితనం వాళ్ల జీవితానికి చెందినది, డబ్బాలోని మందుకు చెందినది కాదు. పంతులు అమ్మింది తలనొప్పికి లేపనం. నుదుటికి రాసుకున్నవాడు అయిదు నిమిషాల్లో దాని సత్తా తానే తేల్చుకోగలిగాడు. ఇవాళ ఫోన్ తెరల మీద అమ్ముడవుతున్నవి పరీక్షలు చేయించుకుంటే తప్ప నిజం తెలియని రోగాలకు మందులు. అక్కడ అమ్మమ్మ వాడిందన్న నమ్మకం సరిపోదు, ఆధారం కావాలి.